పసిబిడ్డ ముక్కు మీద గడ్డ: సూదా, స్కానా, ఆపరేషనా, ఆగి చూడటమా?

పుట్టిన బిడ్డకి ముక్కు మీదో, రెండు కనుబొమల మధ్యనో చిన్న బుడిపె కనిపిస్తే ఇంట్లో వెంటనే తలా ఒక సలహా మొదలవుతుంది. పెద్దయ్యేకొద్దీ అదే కరిగిపోతుంది వదిలేయండి అని ఒకరు, చిన్నదే కదా సూదేసి లాగించేయండి అని ఇంకొకరు, ముందు స్కాన్ తీయించండి అని మరొకరు. ఈ మూడిట్లో నా ఓటు ఎప్పుడూ స్కాన్‌కే. పుట్టుకతో ముక్కు నడిమధ్యలో ఉన్న గడ్డకి లోపల మెదడు పొర దాకా దారి ఉండొచ్చు, ఆ దారి ఉందో లేదో తేలాకే సూదైనా కత్తైనా. మిగతా నిర్ణయాలన్నీ, అంటే ఎప్పుడు చేయించాలి, ఎక్కడ చేయించాలి, పైనుంచి తీయాలా లోపల్నుంచి తీయాలా అన్నవన్నీ దాని తర్వాతే వస్తాయి.

పుట్టుకతో ముక్కు నడిమధ్యలో వచ్చే ఈ గడ్డలు చాలా అరుదు. 20 వేల నుంచి 40 వేల కాన్పులకి ఒకటి అని పుస్తకాల్లో రాస్తారు, అందుకే మీ ఊళ్ళో పిల్లల డాక్టర్ గారు ఎంత అనుభవం ఉన్నవాళ్ళైనా ఇలాంటిది ఒకట్రెండు చూసి ఉంటే గొప్పే. ఆయన "నాకు అనుమానంగా ఉంది, పెద్ద హాస్పిటల్‌కి పంపిస్తా" అంటే చేతకాక అన్నట్టు కాదు, సరైన పనే చేస్తున్నట్టు. "కొవ్వు గడ్డే, ఇక్కడే లోకల్‌గా తీసేద్దాం" అంటేనే ఆగి ఆలోచించండి.

అసలు ఎందుకొస్తాయంటే, కడుపులో బిడ్డ ముఖం తయారయ్యే మొదటి వారాల్లో మెదడు చుట్టూ ఉండే పొర ఒక చిన్న దారిగుండా కిందికి దిగి ముక్కు చర్మాన్ని తాకి మళ్ళీ వెనక్కి పోతుంది, పోయాక ఆ దారి మూసుకుపోవాలి. వెనక్కి పోతూ పోతూ చర్మాన్ని కూడా లోపలికి లాక్కుపోతే డెర్మాయిడ్ అవుతుంది. దారి మూసుకోకుండా మెదడు పొరలు, ఒక్కోసారి మెదడు ముక్క కూడా బయటికి జారితే ఎన్సెఫలోసీల్. జారిన ముక్క బయటే ఉండిపోయి వెనక దారి మూసుకుపోతే గ్లయోమా. మూడూ ఒకే చోట ఒకే రకం పొరపాటుతో వచ్చినవి కాబట్టే పైకి చూస్తే ఒకదానికొకటి పోలికలుంటాయి, కానీ వైద్యం విషయానికొస్తే మూడూ ఒకటి కావు.

ఒక సంగతి ఇక్కడే చెప్పేస్తా, ఇది మన ఇళ్ళల్లోనే జరుగుతుంది కాబట్టి. బిడ్డకి లాలపోసేటప్పుడు ముక్కు సూటిగా రావాలని నూనె రాసి నొక్కుతారు కదా, ముక్కులో నూనె చుక్కలు వేయడం, నోటితో ఊదడం కూడా కొంతమంది చేస్తారు. గడ్డ ఉన్న బిడ్డకి ఇవన్నీ ఆపేయండి. అమ్మమ్మ గారు ఎంత నొచ్చుకున్నా సరే. పసరు రాయడం, వేడి కాపడం పెట్టడం, చీముగడ్డ అనుకుని పిండటం అసలే వద్దు. ఇంకోటి, తల్లిని పట్టుకుని గ్రహణం రోజు బయటికెళ్ళావా అని అడిగేవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు, వాళ్ళకి సమాధానం చెప్పాల్సిన పనే లేదు. చాలావరకు ఇవి ఏ కారణం లేకుండా ఒక్కొక్క బిడ్డలో విడిగా వచ్చేవే, తల్లి తిన్నదానివల్లో తిరిగినదానివల్లో కాదు.

ఇప్పుడు ఏది ఏంటో ఎలా పోల్చుకోవాలి అన్నది.

మూడిట్లో ఎక్కువగా కనిపించేది డెర్మాయిడ్. కనుబొమల మధ్య నుంచి ముక్కు కొన దాకా, ఇంకా కిందికి రెండు రంధ్రాల మధ్య గోడ దాకా, ఎక్కడైనా నడిమి గీత మీదే ఉంటుంది. గట్టిగా ఉంటుంది, నొక్కితే తగ్గదు, బిడ్డ ఏడ్చినా సైజు మారదు, టార్చ్ వేస్తే వెలుగు దాటదు. అసలు గుర్తు ఏంటంటే ముక్కు మీద సూదిమొనంత గుంట, అందులోంచి ఒకటో రెండో వెంట్రుకలు. అది కనపడితే డెర్మాయిడ్ అని దాదాపు ఖాయం చేస్కోవచ్చు. కొందరికి ఆ గుంటలోంచి తెల్లగా జున్నులాంటిది వస్తుంటుంది. గుంట చిన్నగా ఉందని లోపల కూడా చిన్నదే అనుకోవద్దు, చర్మం కింద దారి ఎముక లోంచి మెదడు పొర దాకా పోయిన కేసులు ఉంటాయి, పైన గుంట సైజు చూసి లోపల లోతు చెప్పడం ఎవరివల్లా కాదు.

ఎన్సెఫలోసీల్ సంగతి వేరు, మూడిట్లో భయపడాల్సింది దీనికే. మెత్తగా, కొంచెం నీలంగా ఉంటుంది, నొక్కితే లోపలికి పోతుంది, ఒక్కోసారి గుండె కొట్టుకున్నట్టు అదురుతుంది, టార్చ్ వేస్తే వెలుగు దాటొచ్చు. బిడ్డ ఏడ్చినప్పుడు, ముక్కినప్పుడు ఉబ్బుతుంది, ఎందుకంటే తలలో ఒత్తిడి పెరిగితే ఆ ఒత్తిడి నేరుగా దీంట్లోకి వస్తుంది. డాక్టర్లు దీన్ని ఫర్‌స్టెన్‌బర్గ్ టెస్ట్ అంటారు, వాళ్ళు మెడలో రక్తనాళాల మీద మెల్లగా ఒత్తి చూస్తారు, మీరు ఇంట్లో అది చేయొద్దు, నొక్కి చూసే ప్రయోగాలూ వద్దు. మీరు చేయగలిగింది ఒకటే, బిడ్డ ఏడుస్తున్నప్పుడు ఒక వీడియో, నిద్రపోతున్నప్పుడు ఒక వీడియో ఫోన్‌లో పక్కనుంచి తీసి పెట్టుకోండి, ఎందుకంటే ఓపీలో డాక్టర్ ముందు బిడ్డ హాయిగా నిద్రపోతుంది, ఆ వీడియో లేకపోతే అసలు విషయం బయటపడదు. ముక్కు రెండు వైపులా వెడల్పుగా ఉండటం, కళ్ళ మధ్య దూరం ఎక్కువగా ఉండటం కూడా దీంతో పాటు ఉండొచ్చు. ముఖం ముందు భాగంలో వచ్చే ఈ రకం ఆగ్నేయాసియా దేశాల్లో, మన దేశంలోనూ కొన్ని ప్రాంతాల్లో మిగతా ప్రపంచం కన్నా ఎక్కువగా కనిపిస్తుంది. ఇంకో రకం పైకి కనపడనే కనపడదు, ముక్కు లోపలికి దిగి ఉంటుంది, బిడ్డకి ఒక వైపు ముక్కు ఎప్పుడూ మూసుకుపోయి ఉంటుంది, తరచుగా మెనింజైటిస్, అంటే మెదడు పొరలకి ఇన్ఫెక్షన్, వస్తుంటుంది, అప్పుడు ఎవరో ముక్కులో చూసి పాలిప్, అంటే ముక్కులో పెరిగే మెత్తటి కండ, ఉంది అంటారు. రెండేళ్ళ లోపు పిల్లలకి మామూలు పాలిప్ రావడం చాలా అరుదు, కాబట్టి చంటిబిడ్డకి ఒక వైపే పాలిప్ అన్నారంటే స్కాన్ లేకుండా దాన్ని ముట్టుకోనివ్వొద్దు.

గ్లయోమా అన్న పేరు నెట్‌లో వెతికితే మెదడు క్యాన్సర్ ఫోటోలన్నీ వచ్చి తల్లిదండ్రులు ఆ రాత్రి నిద్రపోరు. ఇది అది కాదు. ఇది కణితి కూడా కాదు, తప్పు చోట మిగిలిపోయిన మెదడు కణజాలం, క్యాన్సర్‌గా మారదు, మిగతా చోట్లకి పాకదు. గట్టిగా, ఎర్రగా లేదా ఊదాగా, పైన సన్నటి రక్తనాళాలు కనపడుతూ ఉంటుంది, ఏడ్చినా ఉబ్బదు. సుమారు 60 శాతం ముక్కు పైన, నడిమి నుంచి కొంచెం పక్కకి ఉంటాయి, 30 శాతం ముక్కు లోపల, మిగతా 10 శాతం రెండు చోట్లా. దాదాపు 15 శాతం మందిలో మెదడు పొరకి సన్నటి తాడులాంటి బంధం ఉంటుంది, అందుకే దీనికీ స్కాన్ తప్పదు.

ఈ మూడూ కాకుండా వాటిలా కనిపించేవి ఇంకో రెండున్నాయి, నిజానికి మీ బిడ్డకి ఉన్నది వీటిలో ఒకటి అయ్యే అవకాశమే ఎక్కువ. ఒకటి హీమాంజియోమా, అంటే రక్తనాళాల గడ్డ. పుట్టినప్పుడు ఉండదు లేదా చిన్న ఎర్ర మరకలా ఉంటుంది, తర్వాత వారం వారం పెరుగుతుంది, మొదటి మూడు నెలల్లో జోరు ఎక్కువ, ఏడాది తర్వాత మెల్లగా తగ్గడం మొదలవుతుంది. "అదే కరిగిపోతుంది" అన్న పెద్దల మాట పుట్టింది దీన్ని చూసే అనుకుంటా. దీనికి 2008లో ఫ్రాన్స్‌లో బోర్డో డాక్టర్లు గుండె మందు ప్రొప్రనలాల్ పనిచేస్తుందని అనుకోకుండా గమనించారు, ఇప్పుడు అదే మొదటి మందు. కానీ ముక్కు కొన మీద ఉన్నదాన్ని ఊరికే వదిలేస్తే ముక్కు ఆకారం చెడిపోతుంది కాబట్టి ఆగి చూడటం కన్నా తొందరగా మందు మొదలెట్టడమే మేలు. ఆ మందు వేస్తున్నన్నాళ్ళూ పాలు తాగించే వేయాలి, బిడ్డ పాలు తాగకుండా వాంతులు చేస్కుంటున్న రోజు వేయకుండా డాక్టర్‌కి ఫోన్ చేయాలి, ఎందుకంటే ఒంట్లో చక్కెర పడిపోతుంది. తేడా ఇలా తెలుస్తుంది: గ్లయోమా పుట్టిన రోజే ఉంటుంది, బిడ్డతో పాటే పెరుగుతుంది, డాప్లర్ స్కాన్‌లో రక్తం పరుగు పెద్దగా కనపడదు. హీమాంజియోమా అని మందు వేస్తున్నారు, వారాలు గడిచినా ఏ మార్పూ లేదు అంటే రోగం పేరే తప్పేమో అని గట్టిగా అడగండి.

రెండోది కన్నీటి తిత్తి ఉబ్బు. కంటి లోపలి మూల కింద నీలంగా ఉబ్బి ఉంటుంది. ఎన్సెఫలోసీల్ ఐతే ఎక్కువగా ఆ మూలకి పైన ఉంటుంది, ఇది కింద, ఈ ఒక్క గుర్తు చాలాసార్లు పనికొస్తుంది. కంటి డాక్టర్, ఈఎన్‌టీ డాక్టర్ ఇద్దరూ చూడాలి, ఎందుకంటే కొందరికి అదే తిత్తి ముక్కు లోపలికి కూడా ఉబ్బి ఉంటుంది, రెండు వైపులా ఉబ్బితే ఊపిరాడదు.

ఊపిరి మాట వచ్చింది కాబట్టి, మొదటి నెలల్లో పిల్లలు దాదాపు ముక్కుతోనే గాలి పీలుస్తారు, నోటితో పీల్చడం వాళ్ళకి సరిగా చేతకాదు. పాలు తాగుతూ తాగుతూ నీలంగా అయిపోవడం, ఏడిస్తే మళ్ళీ రంగు రావడం, పక్కటెముకలు లోపలికి పోవడం, వీటిలో ఏది కనపడినా ఓపీ చీటీ కోసం లైన్లో నిలబడొద్దు, ఎమర్జెన్సీకే వెళ్ళండి. ముక్కులోంచి ఒక వైపే నీళ్ళలాంటిది ధారగా కారుతుంటే, జ్వరంతో మాడు ఉబ్బితే కూడా అంతే.

ఇక ఎమ్మారైయా సీటీయా అన్న ప్రశ్న. నా మాట ఎమ్మారైనే ముందు. రేడియేషన్ లేదు, మెదడుకి దారి ఉందా, బయటికొచ్చింది నీళ్ళా మెదడా అన్నది దాంట్లోనే స్పష్టంగా తెలుస్తుంది. సీటీ నిమిషాల్లో అయిపోతుంది, చాలాసార్లు మత్తు కూడా అక్కర్లేదు, ఖర్చు తక్కువ, ఎముక బాగా కనపడుతుంది, అందుకే చాలాచోట్ల ముందు అదే రాసేస్తారు. చిక్కెక్కడంటే చంటిబిడ్డలో ముక్కు పైన పుర్రె అడుగు భాగం ఇంకా ఎముకగా మారి ఉండదు, మృదులాస్థిగానే ఉంటుంది, సీటీలో అది ఖాళీలా కనపడుతుంది, లేని రంధ్రం ఉన్నట్టు రిపోర్ట్ రావొచ్చు. ఆపరేషన్ ప్లాన్ చేసేటప్పుడు సర్జన్ ఎముక కోసం సీటీ కూడా అడిగితే అది వేరే, అప్పుడు తీయించాలి. రెండూ తీయించుకునే స్తోమత లేదు, ఒకటే అంటే ఎమ్మారై.

స్కాన్ చీటీ మీద ఏం రాశారో చూడండి. ఊరికే "ఎమ్మారై బ్రెయిన్" అని రాస్తే మందపాటి ముక్కలుగా తల అంతా తీసి ముక్కు దగ్గర ఏమీ తేల్చకుండా రిపోర్ట్ ఇచ్చేస్తారు, మళ్ళీ డబ్బు మళ్ళీ మత్తు. ముక్కు, పుర్రె అడుగు ముందు భాగం సన్నటి సెక్షన్లలో కావాలి, మెదడుకి దారి ఉందా అన్నదే ప్రశ్న అని డాక్టర్‌తో రాయించుకోండి. మత్తు గురించి భయం సహజమే. మూడు నెలల లోపు బిడ్డ ఐతే పాలు పట్టి, బట్టలో చుట్టి నిద్రలోనే తీసే పద్ధతి ఉంది, సెంటర్ వాళ్ళకి ఓపిక ఉంటే అవుతుంది, అడగండి. మత్తే ఇవ్వాల్సొస్తే, చంటిబిడ్డలకి ఒక గంట లోపు ఒక్కసారి ఇచ్చే మత్తువల్ల ఐదేళ్ళ వయసులో తెలివితేటల్లో తేడా కనపడలేదని 2019లో వచ్చిన పెద్ద అంతర్జాతీయ పరిశోధన తేల్చింది. ఎక్కువ గంటలు, పదేపదే ఇచ్చేదాని గురించే 2016లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. మత్తుకి ముందు తల్లిపాలు 4 గంటలు, డబ్బా పాలు 6 గంటలు ఆపాలి, ఈ లెక్క తప్పితే ఆ రోజు స్కాన్ క్యాన్సిల్.

సూది ఎందుకు వద్దంటున్నానంటే, మామూలు గడ్డలకి సూదేసి చూడటం మంచి పద్ధతే, పెద్దవాళ్ళకి మెడలో గడ్డొస్తే అదే చేస్తాం. ఇక్కడ మాత్రం లోపల ఎన్సెఫలోసీల్ ఉంటే ఆ సూది రంధ్రం లోంచి మెదడు చుట్టూ ఉండే నీళ్ళు కారతాయి, బయటి క్రిములు లోపలికి పోతాయి, మెనింజైటిస్ వస్తుంది. డెర్మాయిడ్‌కి చీము పట్టినప్పుడు కూడా వీలైనంతవరకు కోయకుండా యాంటీబయాటిక్స్‌తో తగ్గించి, తగ్గాక మొత్తం ఒకేసారి తీయడమే మంచిది, మధ్యలో కోసి వదిలేస్తే మచ్చలు అతుక్కుపోయి అసలు ఆపరేషన్ కష్టమవుతుంది.

సరే స్కాన్ అయింది, పేరు తేలింది, ఇప్పుడు చేయించాలా ఆగాలా? డెర్మాయిడ్, ఎన్సెఫలోసీల్, గ్లయోమా, ఈ మూడిట్లో ఏదీ మందులతో పోదు, తానంతట తాను కరగదు, చివరికి ఆపరేషనే. ఎప్పుడు అన్నదే తేడా. ఊపిరి ఆడట్లేదు, నీళ్ళు కారుతున్నాయి, పైన చర్మం పల్చబడి పగిలేలా ఉంది అంటే వయసు చూడరు, తొందరగా చేస్తారు. చర్మం గట్టిగా ఉండి బిడ్డ బాగా పాలు తాగుతూ బరువు పెరుగుతుంటే కొన్ని నెలలు ఆగడంలో తప్పు లేదు, పైగా లాభం కూడా. 5 కిలోల బిడ్డ ఒంట్లో రక్తం మొత్తం కలిపి 400 మిల్లీలీటర్లే ఉంటుంది, అందులో 40 పోయినా పదో వంతు పోయినట్టు, అందుకే కాస్త బరువెక్కాక చేస్తే మత్తు డాక్టర్‌కీ బిడ్డకీ నయం. కానీ "పదేళ్ళు వచ్చాక చూద్దాం, పెళ్ళీడుకి తీయిద్దాం" అన్నది మాత్రం నాకు నచ్చదు. డెర్మాయిడ్ లోపల పెరుగుతూ ముక్కు ఎముకల్ని విడదీస్తుంది, ఒకసారి చీము పడితే మళ్ళీ మళ్ళీ పడుతుంది, ఎన్సెఫలోసీల్ ఐతే ముఖం ఎముకలు దాని చుట్టూనే వంకరగా పెరుగుతాయి, అప్పుడు గడ్డతో పాటు ముఖం ఎముకల్ని కూడా సరిచేయాల్సొస్తుంది.

పైనుంచా, ముక్కు లోపల్నుంచా? ఎండోస్కోప్ (సన్నటి కెమెరా గొట్టం) అంటే మచ్చ ఉండదు కదా అదే కావాలి అని అందరూ అడుగుతారు. ముక్కు లోపలి గ్లయోమాకి, లోపలికి దిగిన ఎన్సెఫలోసీల్‌కి ఎండోస్కోపే ముందు చూడాల్సిన దారి, రంధ్రాన్ని లోపల్నుంచే పొరలు పొరలుగా మూసేస్తారు. బయటికొచ్చిన మెదడు ముక్క సాధారణంగా పనిచేయనిదే కాబట్టి దాన్ని తీసేసినా ఫరవాలేదు అని సర్జన్ చెప్తే కంగారు పడకండి. కానీ ముక్కు పైన గుంట ఉన్న డెర్మాయిడ్‌ని ఎండోస్కోప్ ఒక్కదాంతో తీయలేరు, ఆ గుంటతో సహా చర్మం తీయాలి, లేకపోతే మళ్ళీ వస్తుంది. దానికి ముక్కు మీద సన్నటి నిలువు కోత, లేదా రంధ్రాల మధ్య కింద కోసి చర్మాన్ని పైకి ఎత్తే ఓపెన్ రైనోప్లాస్టీ, ఇందులో మచ్చ అంతగా కనపడదు. దారి మెదడు పొర లోపలికే పోయి ఉంటే న్యూరోసర్జన్ కలవాలి, చెవి నుంచి చెవికి జుట్టులో కోత పెట్టి పైనుంచి తీస్తారు, వినడానికి భయంగా ఉంటుంది గానీ జుట్టు పెరిగాక కనపడదు. మచ్చ చిన్నదా పెద్దదా అన్నదానికన్నా ఒకేసారి పూర్తిగా వస్తుందా అన్నది ముఖ్యం, మిగిలిపోయిన ముక్క మళ్ళీ పెరిగి రెండో ఆపరేషన్ అంటే మచ్చా పెద్దదే, రిస్కూ పెద్దదే.

హాస్పిటల్ ఎంచుకునేటప్పుడు బిల్డింగ్ చూడొద్దు, నలుగురు ఒకే కప్పు కింద ఉన్నారా చూడండి: పిల్లల ఈఎన్‌టీ చేసేవాళ్ళు, న్యూరోసర్జన్, పిల్లలకి మత్తు ఇవ్వడం అలవాటున్న డాక్టర్, పిల్లల ఐసీయూ. 2.7 మిల్లీమీటర్ల చిన్న ఎండోస్కోప్ ఉందా అని కూడా అడగొచ్చు, మొహమాటం అక్కర్లేదు. ప్రభుత్వం వైపు ఐతే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టుకతో వచ్చే లోపాలకి ఉచితంగా చూసి పంపించే ఏర్పాటు ఉంది, అంగన్‌వాడీలోనో పీహెచ్‌సీలోనో అడిగితే జిల్లా కేంద్రంలో ఉన్న డీఈఐసీకి (పిల్లల లోపాల్ని తొందరగా గుర్తించి చూసే సెంటర్) రాసిస్తారు. హైదరాబాద్‌లో నీలోఫర్, కోఠి ఈఎన్‌టీ, నిమ్స్, విశాఖలో కేజీహెచ్, ఈఎన్‌టీ హాస్పిటల్ వైపు ఇలాంటి కేసులు వెళ్తుంటాయి. ఆరోగ్యశ్రీలో, ఆంధ్రలో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు, దాంట్లో కవర్ అవుతుందా లేదా అన్నది అడ్వాన్స్ కట్టకముందే ఆరోగ్యమిత్ర దగ్గర తేల్చుకోండి, కట్టాక అడిగితే లాభం ఉండదు.

ఆపరేషన్ అయ్యాక తీసిన ముక్క తప్పకుండా బయాప్సీకి పంపించమనండి, ఆ రిపోర్ట్ కాగితం స్కాన్ సీడీతో కలిపి దాచుకోండి. ఇంటికొచ్చాక ముక్కులోంచి నీళ్ళు చుక్కలుగా పడితే, ముఖ్యంగా బిడ్డని బోర్లా వేసినప్పుడు, జలుబే కదా అని ఆవిరి పట్టొద్దు, చూపించండి. మెదడుకి దారి ఉన్న పిల్లలకి న్యుమోకోకల్ టీకా అస్సలు మిస్ చేయకూడదు, 2021 నుంచి దేశమంతా ప్రభుత్వ టీకాల్లో ఉచితంగానే ఉంది.

తర్వాతి కాన్పు గురించి కూడా అడుగుతుంటారు. డెర్మాయిడ్, గ్లయోమా ఐతే మళ్ళీ రావడం చాలా అరుదు, ప్రత్యేకంగా ఏమీ చేయక్కర్లేదు. ఎన్సెఫలోసీల్ ఐతే గర్భం రాకముందు నుంచే ఫోలిక్ యాసిడ్ 5 మిల్లీగ్రాముల మాత్ర సాధారణంగా రాస్తారు, అది గర్భం వచ్చాక మొదలెడితే ఆలస్యమే కాబట్టి ప్లాన్ చేస్కునేటప్పుడే డాక్టర్‌ని కలవండి, 18 నుంచి 20 వారాల మధ్య స్కాన్‌లో ముఖం, తల జాగ్రత్తగా చూడమని పాత రిపోర్ట్ చూపించి మరీ చెప్పండి.